అమ్మ రుబ్బిన పాలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా తమ్ముడి కూతురు స్వప్న మా ఇంటికి వచ్చింది. చేతిలో పల్లీల పొట్లం, భుజానికి ల్యాప్‌టాప్ సంచి. సెలవు రోజైనా ఆ సంచి దాని భుజం దిగదు. తమ్ముడు నర్సింహ పోయాక అది మాదాపూర్‌లోని మా ఫ్లాటుకు రావడం అదే మొదటిసారి. చెప్పులు విప్పుతూనే, "అత్తమ్మా, డాడీకి నువ్వు చేసిస్తుంటివి గద, ఆ పల్లీ పాలు. నాకు నేర్పు," అంది. సోఫాలో కూర్చున్నదాన్ని అలాగే కూర్చుండిపోయాను. "ఇయ్యాల వద్దు బిడ్డా, లేవబుద్ధి అయితలేదు," అన్నాను. అది పొట్లం వంటింట్లో పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. కిటికీ అవతల హాస్టళ్ల బాల్కనీల నిండా తడి తువ్వాళ్లు ఆరుతున్నాయి. స్వప్న వయసు పిల్లలు ఇన్ని వేలమంది ఈ సందుల్లో ఉంటున్నారు, వాళ్లకు పొద్దున్నే పాలు ఎవరు కాస్తారో అనిపించింది. ఏ సంబంధమూ లేని ఆలోచన. అలసిపోయిన మనసుకు అలాంటివే వస్తాయి.

ఈ మధ్య నా అలసట నిద్రపోతే తీరేది కాదు. తమ్ముడి జబ్బు నెలల్లో రోజూ పొద్దున్నే ఆటో ఎక్కి హఫీజ్‌పేట్ వెళ్లేదాన్ని. ఆఫీసు బస్సుల మధ్య, క్యాబుల మధ్య ఆటో ఇరుక్కుని నిలబడిపోతే, లోపల కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటూ ఉండేదాన్ని. వాడికి ఆహారనాళంలో క్యాన్సర్ పుండు. మందులు ఎక్కించడం మొదలయ్యాక పాలు పడలేదు. గుక్క తాగితే వాంతి, కడుపులో తిప్పు. ఆస్పత్రిలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి, "ప్లాంట్ బేస్డ్ మిల్క్ ట్రై చేయండి ఆంటీ, మొక్కల నుంచి తీసే పాలు," అంది. స్వప్న అక్కడే నిలబడి ఫోనులో ఆర్డరు పెట్టింది. మేము ఇల్లు చేరేసరికి బాదం పాలు, ఓట్సు పాలు, సోయా పాలు అట్టపెట్టెల్లో గడప ముందు ఉన్నాయి. తమ్ముడు ఒక్కోటీ నాలుక మీద వేసుకుని చూసి పక్కన పెట్టాడు. "గీ డబ్బా పాలు నాతోని కావు. అక్కా, మన పల్లీ పాలు చెయ్యరాదే," అన్నాడు. అరవై దాటిన మనిషి, తలమీద ఒక్క వెంట్రుక లేకుండా, చిన్నపిల్లాడిలా అడిగాడు. ఆ పాల కథ స్వప్నకు సగమే తెలుసు. బంధువులందరికీ కూడా ఆ సగమే తెలుసు.

మా ఊరు ఎక్కడ అని ఇప్పుడు ఎవరైనా అడిగితే వేలుపెట్టి చూపించలేను. హఫీజ్‌పేట్ స్టేషను దిగి ఇటు మాదాపూర్ వైపు నడుస్తుంటే, ఏనుగులు పడుకున్నట్టు పెద్ద పెద్ద బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, అక్కడక్కడ జొన్న చేలు ఉండేవి. ఆ బండల వెనక మా ఇల్లు. ఇప్పుడక్కడ అద్దాల భవనాలున్నాయి. వాటిలో ఒకదాంట్లోనే స్వప్న ఉద్యోగం. ఇంటి ముందు గది కిరాయికి ఇచ్చేవాళ్లం. వెనక కొట్టంలో నాయినమ్మ బర్రెలు. మా నాయిన ఒక రసాయనాల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. సైకిలు దిగి ఇంట్లోకి వస్తుంటే ఆయన కంటే ముందు ఆయన అంగీ వాసన వచ్చేది. కళ్లు మండించే ఘాటు వాసన. అమ్మ ఆ అంగీని వేరే బకెట్లో నానబెట్టి, మా బట్టలతో కలవనిచ్చేది కాదు. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన దారాల్లోనే ఉండిపోయేది.

ఇల్లు నడిచేది మాత్రం నాయినమ్మ బర్రెల మీదే. తెల్లవారకముందే ఆమె చుట్ట వెలిగించి కొట్టంలోకి పోయేది. బర్రె పొదుగు దగ్గర కూర్చునేటప్పుడు మాత్రం చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకునేది. పితికిన పాలు క్యాన్లలో పోసి, తలమీద చుట్టకుదురు పెట్టుకుని, స్టేషనుకు నడిచేది. పొద్దుటి ప్యాసింజరు కిటికీ చువ్వలకు పాలవాళ్ల క్యాన్లు వరసగా వేలాడుతుండేవి. పట్నంలో రోజూ పాలు పోయించుకునే వాడికపోళ్ల ఇళ్లన్నీ తిరిగి, ఎండెక్కాక ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చేది. ఆమెకు పాల సంగతి తెలిసినట్టు మనుషుల సంగతి కూడా తెలియదనుకుంటాను. మూత తీయకుండానే, గిన్నె దగ్గర ముక్కు పెట్టి, పాలు ఎప్పటివో చెప్పేది. జ్వరమొచ్చినా పాలే మందు, దెబ్బ తగిలినా పాలే, చదువు రాకపోయినా పాలే. ఇంటికి ఎవరొచ్చినా ముందు గ్లాసెడు పాలు. వద్దన్నవాళ్లను ఆమె మళ్లీ మనసారా పలకరించేది కాదు.

అలాంటి ఇంట్లో తమ్ముడికి పాలు పడకుండా పోయాయి. అప్పుడు వాడికి నాలుగేళ్లు, నాకు పదో పదకొండో. ఎండాకాలంలో వాడికి తట్టు పోసింది. ఒంటిమీది పొక్కులు మాడిపోయాయి గానీ, కడుపు నిలవలేదు. నీళ్ల విరేచనాలు. కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేవి. వాడు ఎంత చిక్కితే నాయినమ్మ అంత చిక్కటి పాలు తాగించేది. ఎంత తాగిస్తే వాడు అంత చిక్కేవాడు. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు పెద్దవై, నడిచే పిల్లవాడు కాస్తా అమ్మ చంక దిగడం మానేశాడు. ఏడవడానికి కూడా ఓపిక లేక సన్నగా మూలిగేవాడు. వీధిలో వాళ్లు చూడ్డానికి వచ్చి, బయటికి వెళ్లేటప్పుడు అమ్మ మొహం చూడకుండా వెళ్లేవాళ్లు.

మా ముందు గదిలో అప్పుడు గ్రేసమ్మగారు ఉండేవారు. గుడివాడ వైపు నుంచి వచ్చిన నర్సమ్మ, పట్నంలో ఒక మిషను దవాఖానలో పిల్లల వార్డులో ఉద్యోగం. ఆవిడ ఒకరోజు డ్యూటీకి వెళ్తూ తమ్ముడిని చూసి, సంచి కింద పెట్టేసి, వాడి కడుపు మీది చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు, ఒంట్లో నీరు లేదు. "సత్తెమ్మగారూ, ఇంకా ఇంట్లో ఎందుకు ఉంచారండీ? పదండి నాతో," అంది. అమ్మ కట్టుకున్న చీరతోనే వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ చూసి, తట్టు తర్వాత కొందరు పిల్లల కడుపు పాలను ఇముడ్చుకోలేదని, కొన్నాళ్లు పాలు పూర్తిగా ఆపెయ్యాలని, గంజి, మెత్తటి పప్పన్నం పెట్టమని చెప్పింది. పాలకు బదులు వార్డులో పిల్లలకు ఇచ్చే ఒక పానీయం ఎలా చెయ్యాలో గ్రేసమ్మగారిని నేర్పమంది.

సాయంత్రం ఆవిడ మా వాకిట్లో కూర్చుని, "వేరుశనగ గుళ్లు నానబెట్టండి," అని మొదలుపెడితే, అమ్మ, "గవేందమ్మా? మా దిక్కు దొరుకుతయా?" అంది భయంగా. గ్రేసమ్మగారు నవ్వి, "పల్లీలేనండీ," అంది. పల్లీలు రాత్రంతా నానాలి. పొద్దున్నే ఆ నీళ్లు పారబోసి, పొట్టు నలిపి తీసి, మెత్తగా రుబ్బాలి. నీళ్లు కలిపి పల్చటి గుడ్డలో వడకట్టి, గట్టిగా పిండాలి. ఆ తెల్లటి నీళ్లను బాగా కాగనివ్వాలి, పచ్చిగా తాగించకూడదు. దించాక కొంచెం బెల్లం. విన్నదంతా అమ్మ పెదవులు కదుపుతూ మనసులో అప్పజెప్పుకుంది. కొట్టం దగ్గర నిలబడి నాయినమ్మ కూడా విన్నది. "నా బర్రెల పాలు విషమైనయా సిస్టరమ్మా? ఊరంత నా పాలు తాగి బతుకుతుంటే, నా మనుమడు పల్లీ కుడితి తాగాల్నా?" అంది. కుడితి అంటే పశువులకు పెట్టే కడుగునీళ్లు. గ్రేసమ్మగారు ఓపిగ్గా, "మీ పాలు మంచివేనండీ. బాబు కడుపే ఇప్పుడు బాలేదు," అని చెప్పింది. నాయినమ్మ కొట్టంలోకి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి అమ్మ పల్లీలు రుబ్బడం మొదలైంది. అప్పటికే ఆమె దినం చీకటితో మొదలయ్యేది. పేడ ఎత్తాలి, కొట్టం కడగాలి, బోరింగు నుంచి నీళ్లు మోయాలి, నాయిన డ్యూటీ గిన్నె కట్టాలి, నాయినమ్మ క్యాన్లు తోమాలి. అన్నింటి మధ్య పెరట్లో రోటి ముందు కూర్చుని, ఒడిలో తమ్ముడిని వేసుకుని, ఒక చేత్తో పొత్రం తిప్పేది. నానిన పల్లీల పచ్చి వాసన మీకు తెలిసే ఉంటుంది, తడి మట్టిలో నూనె కలిపినట్టు ఉంటుంది. అమ్మ చేతులకు ఎప్పుడూ ఆ వాసనే. పిండి పిండి ఆమె మణికట్లు వాచేవి. కట్టెల పొయ్యి మీద పెట్టిన పాలు ఒక్క క్షణం చూపు మళ్లితే అడుగంటేవి. ఆమె చూపు మళ్లని క్షణం ఏముంది? ఒక పక్క బర్రె అరుస్తుంది, ఇంకో పక్క నాయిన సబ్బు అడుగుతాడు. రోజూ మాడు వాసన. తమ్ముడు మొహం తిప్పేసేవాడు. అమ్మ వాడిని బతిమాలి, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పోసేది. వడకట్టగా మిగిలిన పిప్పిని బియ్యప్పిండిలో కలిపి సర్వపిండి చేసి మాకు పెట్టేది. ఆ నెలల్లో నేను తిన్నన్ని సర్వపిండి రొట్టెలు మళ్లీ జన్మలో తినలేదు.

నెమ్మదిగా వాడి కడుపు నిలబడింది. మూలుగు తగ్గి ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు విని అమ్మ నవ్వడం నేను చూశాను. ఇక లేచి తిరుగుతాడనుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున, అమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు, నాయినమ్మ గోరువెచ్చటి బర్రె పాలలో చక్కెర వేసి వాడికి తాగించింది. ఆమె దృష్టిలో అది ద్రోహం కాదు. ఎండిపోయిన మనుమడి ఎముకలు చూసి చూసి, తన చేతిలో ఉన్న ఒకే మందు ఇచ్చింది. వాడు గటగటా తాగాడు. చాలా రోజుల తర్వాత ఇష్టంగా ఏదైనా తాగడం అదే. ఎండ నెత్తి మీదికి రాకముందే విరేచనాలు మళ్లీ పట్టుకుని వాడి కళ్లు తేలిపోయాయి. కాళ్లు చల్లబడ్డాయి. అమ్మ పిలిచినా పలకలేదు. నాయిన డ్యూటీలో ఉన్నాడు. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతున్న గ్రేసమ్మగారి తలుపు అమ్మ రెండు చేతులతో బాదింది. ఆవిడ జడ కూడా వేసుకోకుండా వచ్చింది. రోడ్డు దాకా వాడిని మోసింది నాయినమ్మే. నేను నీళ్ల సీసా పట్టుకుని వెనక పరుగెత్తాను. రాళ్లు తీసుకుపోయే క్వారీ లారీని గ్రేసమ్మగారు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపింది. ఆ లారీలో, రాళ్ల దుమ్ములో, అందరం కూర్చుని పోయాం.

దవాఖానలో వాడి కాలికి సూది గుచ్చి సెలైను ఎక్కించారు. చేతుల్లో నరం దొరకలేదు. చాలాసేపటి తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. మేము వరండాలో గోడ వారగా నిలబడి ఉన్నాం. నాయినమ్మ కింద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. "పాలు వద్దని చెప్పానా, లేదా? ఎవరు పట్టారు?" అని డాక్టరమ్మ అరిచింది. అమ్మకు అప్పటికే తెలుసు. చక్కెర అంటిన గ్లాసు ఆమె ఇంట్లోనే చూసింది. నాకూ తెలుసు. నాయినమ్మ తల ఎత్తింది. ఆమె నోరు విప్పేలోపే అమ్మ, "నేనే తాపిన డాక్టరమ్మా. ఏడుస్తుంటే చూడబుద్ధి గాలే," అంది. డాక్టరమ్మ అమ్మను ఎంత తిట్టాలో అంత తిట్టింది. "నువ్వు తల్లివేనా అసలు?" అంది చివరికి. వరండాలో ఉన్నవాళ్లంతా అమ్మ వంక చూశారు. అమ్మ తల వంచుకుని నిలబడింది. ఆమె కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి నేను అప్పుడు చూశాను.

వాడు బతికాడు. ఇంటికి వచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నాయినకు కూడా అమ్మ చెప్పలేదు. నాయినమ్మ కొన్నాళ్లు స్టేషనుకు పోలేదు, పాలు వేరేవాళ్లతో పంపింది. ఒక పొద్దున అమ్మ కాచిన పల్లీ పాలు గిన్నెలో చల్లారుతుంటే, ఆమె వచ్చి ముక్కు పెట్టి చూసింది. వేలు ముంచి నాలుక మీద వేసుకుంది. "గిదేందే సత్తెమ్మా, అడుగంటింది. పాలు గిట్ల కాగవెడ్తరా?" అంది. అప్పటిదాకా కుడితి అన్న నోటితోనే పాలు అంది. అమ్మ బెల్లం తరుగుతున్నదల్లా ఆగి, "నాకు ఈడికే శాతనైతుందత్తా," అంది. ఆ మరునాడు నాయినమ్మ తన మట్టికుండ కడిగింది. అడుగున కాసిని నీళ్లు పోసి తిప్పి, ఆ తడి మీద పల్లీ పాలు పోసింది. పిడకల నిప్పు మీద బర్రె పాలు సన్నగా కాగే దాలి పక్కనే ఇంకో దాలి పెట్టి, దాని మీద కుండ ఎక్కించి, పక్కన కూర్చుని కట్టె గరిటెతో తిప్పుతూనే ఉంది. నానిన పల్లీలను ఒకసారి వేడినీళ్లలో వేసి తీయమని అమ్మకు చెప్పింది. అంతటితో పచ్చి వాసన పోయింది. పిడకల పొగ వాసన, బెల్లం వాసన కలిసి, నిజంగానే పాల రుచి వచ్చింది. తమ్ముడు మొదటిసారి గిన్నె ఖాళీ చేసి, "ఇంక," అన్నాడు.

అక్కడి నుంచే మిగతా సగం కథ మరుగున పడిపోయింది. రుబ్బడం అమ్మ పెరట్లో రుబ్బేది, పొట్టు తీసేది, పిండేది. కాచడం నాయినమ్మ వాకిట్లో కాచేది. వచ్చేపోయేవాళ్లకు కనబడేది వాకిలే. "మల్లమ్మ మనుమనికి పల్లీ పాలు వోసి పాణం నిలవెట్టింది" అని ఊరంతా అనుకున్నారు. మల్లమ్మ అంటే మా నాయినమ్మ. పెళ్లిళ్లలో, పురుళ్లలో, ఎక్కడ నలుగురు కూడినా ఆ మాట వచ్చేది. నాయినమ్మ మొదట్లో, "నేనేం జేసిన, తిప్పిన అంతే," అనేది. తర్వాత తర్వాత వినీ వినీ ఊరుకుంది. అమ్మ వంటింట్లోంచి వింటూ ఉండేది. తమ్ముడు బడికి పోయే వయసు వచ్చేసరికి వాడికి మజ్జిగ పడింది, ఆ తర్వాత పాలూ పడ్డాయి. గ్రేసమ్మగారు బదిలీ మీద వెళ్లిపోయారు. వెళ్లేరోజు అమ్మ ఆవిడకు ఒక డబ్బా సర్వపిండి కట్టిచ్చింది. ఇద్దరూ గడప దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత బండలు పగలగొట్టడం మొదలైంది, బర్రెలు పోయాయి, కొట్టం పోయింది. ముందు నాయినమ్మ, ఆ తర్వాత నాయిన, అమ్మ.

ఇప్పుడు పాలు చేయడంలో కష్టమేముంది? మిక్సీ ఉంది, వడకట్టడానికి మెత్తటి నైలాను సంచి ఉంది, మంట తగ్గించడానికి మీట ఉంది. అయినా తమ్ముడి ఇంట్లో ఆ చిన్న గిన్నెడు పాలు తీసేసరికి నేను రెండుసార్లు కుర్చీలో కూలబడేదాన్ని. అమ్మకు అప్పుడు ముప్పై ఏళ్లు కూడా నిండలేదన్న సంగతి ఒకరోజు గిన్నె ముందు నిలబడి లెక్క కట్టుకున్నాను. నా మనసులో ఆమె ఎప్పుడూ పెద్దమనిషే. అప్పుడామె ఇప్పటి స్వప్న కంటే చిన్నది. స్వప్నకు ఒంట్లో బాగాలేకపోతే ఆఫీసుకు మెసేజి పెట్టి పడుకుంటుంది, పడుకోవాలి కూడా. అమ్మ పగలు పడుకోగా నేను చూసింది చివరి జబ్బులోనే. ఆ ఆలోచనలో ఉండగానే పాలు అడుగంటాయి. పారబోసి మళ్లీ చేసే ఓపిక లేదు. అలాగే వడకట్టి తమ్ముడికి ఇచ్చాను.

వాడు ఒక గుక్క తాగి ఆగాడు. "మాడిందక్కా," అన్నాడు. "మాడిందిరా. నాయినమ్మ చేసినట్టు నాకేడొస్తది?" అన్నాను. వాడు నవ్వినట్టు పెదవి కదిపాడు. "నాయినమ్మది గాదు, ఇది అమ్మ చేసినట్టున్నది. ముందుగాల నేను తాగింది గిదే గద." గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఇంకో గుక్క తాగాడు. అప్పుడు నాకు దవాఖాన వరండా చెప్పాలనిపించింది. ఇన్నేళ్లు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న సంగతి అది. "నీకొక మాట చెప్పాల్రా, నీకు ఎర్కలేదు..." అని మొదలుపెట్టాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎర్కనే. నాయినమ్మ పోయే ముందు నాకు చెప్పింది. 'పాలు నేను తాపితే మీ అమ్మ తిట్లు తిన్నది బిడ్డా' అని ఒక్కటే ఏడ్సుడు." "మరి అమ్మను అడగలేదారా?" అన్నాను. "అడిగిన. 'ఆమె పెద్దది, నలుగురిల తల దించుకుంటే మళ్ల ఎత్తకపోవు. నాదేముంది' అన్నది. ఎవరికీ చెప్పకు అన్నది. చెప్పలే." మాట్లాడిన అలసటకు వాడు కళ్లు మూసుకున్నాడు. గ్లాసులో పాలు మాత్రం మిగల్చలేదు.

వానలు వెనకబట్టే రోజుల్లో వాడు పోయాడు. చివరి వారాల్లో పల్లీ పాలు కూడా దిగలేదు, చెంచాతో నీళ్లే. దినాల నాడు హఫీజ్‌పేట్ ఇంటి ముందు టెంటు వేసి భోజనాలు పెట్టారు. మా నాయిన చెల్లెలు బాలమణి అత్త, ఆ తరంలో మిగిలిన ఒక్క మనిషి, కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ అలవాటైన మాటే ఎత్తుకుంది. "మా అమ్మ పల్లీ పాలు వోసి బతికించిన పోరడు. గా పాణం గిట్ల పోయె." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఎన్నో ఏళ్లుగా నేను కూడా అలాగే తల ఊపాను. ఆ రోజు ఊపలేకపోయాను. "అత్తా, పాలు కాగవెట్టింది నాయినమ్మ. పల్లీలు రుబ్బింది మా అమ్మ," అన్నాను. ఆగి ఉంటే బాగుండేదేమో, ఆగలేదు. లారీ సంగతి, దవాఖాన సంగతి, అమ్మ అన్న మాట, డాక్టరమ్మ అన్న మాట, అన్నీ చెప్పాను. నా గొంతు పెద్దదేమీ కాలేదు. బాలమణి అత్త నా వంక చూసి, "వదినె నాకు ఎన్నడు చెప్పలే," అంది. కాసేపటికి, "ఇద్దరు పోయిండ్రు. ఇప్పుడు చెప్తే ఏమొస్తది బిడ్డా," అంది. వడ్డించేవాళ్లు పప్పు తీసుకుని వచ్చారు. అందరం విస్తళ్లలోకి చూసుకున్నాం. స్వప్న చేతిలో మంచినీళ్ల జగ్గుతో వరస చివర నిలబడి ఉంది. అది విన్నదో లేదో నాకు తెలియలేదు.

విన్నదని మొన్న ఆదివారం తెలిసింది. నా పక్కన చాలాసేపు కూర్చున్నాక, "బామ్మను నేను శానా చూసిన గద అత్తమ్మా. నాకు జడలు ఏసేది. గింత సంగతి ఉన్నదని ఎన్నడు తెల్వలే," అంది స్వప్న. బామ్మ అంటే మా అమ్మే. "ఎవ్వరికీ తెల్వదు బిడ్డా. తెలిసినోళ్లు చెప్పలే," అన్నాను. అది లేచి వంటింట్లోకి వెళ్లింది. పల్లీలు దాని ఇంట్లోనే నానబెట్టి, మూత బిగించిన డబ్బాలో పోసి ల్యాప్‌టాప్ సంచిలోనే తెచ్చిందట. "నువ్వు లేవకు. ఆడ పండుకొనే చెప్పు, నేను చేస్త," అని లోపలి నుంచి కేకేసింది.

సోఫా మీదే కాళ్లు చాపుకుని పడుకున్నాను. పొట్టు నలిపి తీయమన్నాను, వేడినీళ్లలో వేసి తీయమన్నాను. మిక్సీ తిరిగి ఆగింది, గుడ్డ పిండుతున్న చప్పుడు. గిన్నె తడిపి పోయమన్నాను. "పోసిన," అంది. "తిప్పుతనే ఉండు, ఫోను చూడకు," అన్నాను. "పక్కకు పెట్టిన అత్తమ్మా," అంది. గరిటె గిన్నెకు తగులుతున్న చప్పుడు. ఇంకా ఏదో చెప్పాల్సింది ఉంది, గుర్తు రాలేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. పట్టపగలు, వేరేవాళ్లు పొయ్యి దగ్గర నిలబడి ఉండగా, నేను నిద్రపోయాను.